చేయి ముందే చెప్పాలి

అమెరికాలో చాలా మిడిల్ స్కూళ్లలో, హైస్కూళ్లలో లెక్కలూ సైన్సూ లాగే ఆర్కెస్ట్రా కూడా టైంటేబుల్లో ఉండే క్లాసు. అక్కడి తెలుగు పిల్లలు కూడా ఎందరో వయోలినో సెల్లోనో పట్టుకుని ఆ క్లాసులో కూర్చుంటారు. దాన్ని నడిపే టీచరే ఆర్కెస్ట్రా డైరెక్టర్. వాయిద్యాలు శ్రుతి చేయించడం, తెగిన తీగ మార్చడం, కమాను పట్టు సరిదిద్దడం, కచేరీ ఏర్పాట్లు అన్నీ ఆ ఒక్కరి నెత్తినే. ఇన్ని పనుల్లో పడి చాలామంది టీచర్లు కండక్టింగ్, అంటే చేతి సైగలతో ఆర్కెస్ట్రాను నడిపించడం, సాధన చేయడం మానేస్తారు. కండక్టింగ్ శిక్షణ ఆ సాధనను తిరిగి మొదలుపెట్టిస్తుంది.

మన కచేరీలో తాళం వేసే చేయి నడుస్తున్న లయను లెక్కపెడుతుంది. కండక్టర్ చేయి రాబోయే స్వరాన్ని ముందే చెబుతుంది. మొదటి స్వరానికి ఒక లెక్క ముందు, ఊపిరి పీల్చుకుంటూ చేయి పైకి లేపుతారు. ఎంత వేగం, ఎంత గట్టిగా, తునకలుగానా సాగదీసా అన్నది ఆ లేపడంలోనే తెలిసిపోవాలి. చేయి నెమ్మదిగా లేచి గబుక్కున దిగితే పిల్లలు తలా ఒకచోట ఎత్తుకుంటారు. అప్పుడు టీచరు నోటితో లెక్కపెట్టడం మొదలుపెడతారు. అది అలవాటైతే పిల్లలు తలెత్తి చూడడం మానేస్తారు.

ఈ విద్యను బడి టీచర్ల దాకా తెచ్చినవారిలో ఎలిజబెత్ గ్రీన్ ముఖ్యురాలు. ఆమె గురువు నికొలాయ్ మాల్కో. 1926లో స్వరకర్త షోస్టకోవిచ్ మొదటి సింఫనీని లెనిన్‌గ్రాడ్‌లో తొలిసారి వినిపించిన కండక్టర్ ఆయనే. చేతుల పనిని విడివిడి అభ్యాసాలుగా విడగొట్టి నేర్పడం ఆయన పద్ధతి. ఐయోవాలోని వాటర్లూలో బడిపిల్లల ఆర్కెస్ట్రాలు నడిపి, 1942లో మిచిగాన్ విశ్వవిద్యాలయానికి వచ్చిన గ్రీన్, ఆ పద్ధతి ఆధారంగా 1961లో ‘ది మోడర్న్ కండక్టర్’ రాశారు. బడిగది అనుభవం ఉన్న మనిషి రాసిన పుస్తకం కాబట్టే దాన్ని టీచర్లు తమదనుకున్నారు.

అందులో ఒక అభ్యాసం చూడండి. కుడిచేయి నాలుగు లెక్కల తాళం వేస్తూ ఉంటుంది: కిందికి, ఎడమకు, కుడికి, పైకి. అదే సమయంలో ఎడమచేయి ఎక్కడా కుదుపు లేకుండా నెమ్మదిగా పైకి లేవాలి, అంతే నెమ్మదిగా దిగాలి. మొదట్లో ఎడమచేయి కూడా కుడిదానితో పాటు ఊగిపోతుంది. రోజూ కాసేపు సాధన చేస్తే రెండూ విడిపోతాయి. అప్పుడే కుడిచేయి లయ చూసుకుంటుంటే ఎడమచేయి నాదాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది, సెల్లోలను పిలుస్తుంది. గ్రీన్ నేర్పిన మరో కదలిక, లెక్క దాటాక ఎత్తుకోవలసిన చోట్ల పనికొస్తుంది. చేయి ఆ లెక్కకు ముందు పూర్తిగా ఆగి, సరిగ్గా లెక్క మీద చురుక్కున కదులుతుంది. దాన్ని చూసి వెంటనే పిల్లలు ఎత్తుకుంటారు.

వేసవిలో విశ్వవిద్యాలయాలు పెట్టే శిక్షణ శిబిరాల్లో టీచర్లే ఆర్కెస్ట్రాగా కూర్చుంటారు. ఒకరు కండక్టర్ పుల్ల, అంటే బేటన్ పడితే మిగతావారు వాయిస్తారు. దాన్ని వీడియో తీసి, తర్వాత శబ్దం ఆపేసి చూస్తారు. సంగీతం వినిపించకపోతే చేయి నిజంగా ఏం చెప్పిందో బయటపడుతుంది. అన్ని స్వరాలకూ ఒకే సైజు ఊపు, స్వరాలు రాసి ఉన్న స్కోరులోనే ఇరుక్కుపోయిన చూపు, అవసరం లేకుండా అద్దంలో బొమ్మలా ఊగే ఎడమచేయి, అన్నీ కనిపిస్తాయి. స్కోరు ముందే చదివి ఎక్కడ ఎవరికి సాయం కావాలో గుర్తుపెట్టుకోవడం, కమాను ఎక్కడ పైకి ఎక్కడ కిందికి అన్నది నిర్ణయించడం కూడా ఈ శిక్షణలో భాగమే. ఎందుకంటే కమాను తిప్పుకునే వ్యవధి చేతి కదలికలో లేకపోతే పిల్లలు తడబడతారు.

చేయి స్పష్టంగా ఉన్న టీచరు తక్కువ మాట్లాడతారు. మిగిలిన సమయమంతా పిల్లలు వాయిస్తారు, పక్కవారిని వింటారు. వయోలాలు ఎత్తుకునేదాకా ఆగాలనీ, పాట తమ చేతిలో లేనప్పుడు నాదం తగ్గించాలనీ చెప్పించుకోకుండానే నేర్చుకుంటారు. కొత్త వాయిద్యాల కోసం చందాలు పోగుచేసే తల్లిదండ్రుల సంఘాలు టీచరు శిక్షణకూ కొంత పక్కన పెట్టాలి. ఒక వేసవిలో టీచరు నేర్చుకున్నది ఆ తర్వాత ఆ బడిలో చేరే ప్రతి బ్యాచ్‌కూ అందుతుంది.