ప్రణయకథకుడును పాఠకుడును: సూరన మొదలు సులోచనారాణి వఱకు

కొన్ని యేండ్ల క్రిందట ఆళ్లగడ్డ ప్రాంతమునుండి వచ్చిన యొక పరిశోధక విద్యార్థిని యద్దనపూడి సులోచనారాణి నవలలపై సిద్ధాంతవ్యాసము వ్రాయ నభిలషించి మా సలహా కోరినది. నంద్యాల రాజుచే కృతి నందించుకొన్న పింగళి సూరన యుండగా పత్రికల ప్రేమకథల జోలి యేల యని మేమామెను వారించితిమి. కళాపూర్ణోదయమును చేతికిచ్చి పంపితిమి. ఆమె గ్రంథమును శ్రద్ధగా చదివి మరల వచ్చి, "సార్, ఇదీ ప్రేమకథే కదా!" అన్నది. ఆ మాటకు ఆనాడు మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఆమె తుదకు వేఱొక విషయముపై పరిశోధన చేసినది గాని, ఆ ప్రశ్న మాత్రము మా కడనే నిలిచిపోయినది. ఈ వ్యాసము దానికి ఆలస్యముగా చెప్పుచున్న సమాధానము.

మేమిచట విచారింప దలచినది ఒక్క విషయము. ప్రణయకథ వ్రాయువారు దానిని వినువారితోను, చదువువారితోను సంబంధము నెట్లు కల్పించుకొందురు? 16వ శతాబ్దికి చెందిన సూరన ఎదుట పేరుగల శ్రోత యొకడు కలడు. 20వ శతాబ్ది ఉత్తరార్ధమున వ్రాసిన సులోచనారాణి ఎదుట ముఖమెఱుగని పాఠకలోకము కలదు. ఇరువురును సమానులని చెప్పుట మా యుద్దేశము కాదు. ఇరువురిని ఒకే త్రాసున తూచి చూడవలెననుటయే మా యుద్దేశము.

మొదట సూరన సంగతి. ఆయన రాఘవపాండవీయమును ఆకువీటి పెదవేంకటాద్రి ప్రోత్సాహమున రచించి విరూపాక్షుని కంకిత మిచ్చెను. కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణమరాజునకును, ప్రభావతీప్రద్యుమ్నమును తన తండ్రియగు అమరనామాత్యునకును అంకిత మొనర్చెను. ఒక కృతి దైవమునకు, ఒకటి ప్రభువునకు, ఒకటి తండ్రికి. ఈ మూటియందు ప్రణయమే ప్రధానమైనవి కడపటి రెండును. ఆ రెండింటి శ్రోతలు మనుష్యులగుట గమనింపదగినది.

ప్రబంధములయందు ప్రతి ఆశ్వాసము మొదటను కృతిపతిని సంబోధించు పద్య ముండును; తుదియందు మరల సంబోధన ముండును. పరీక్షలకై చదువు విద్యార్థులు వీనిని దాటిపోవుట వాడుక. చెప్పు మేమును దాటిపోవుచుందుము. కాని కథకుని పనిగా చూచినచో ఇవి వ్యర్థములు కావు. 'ఆశ్వాస' మనగా ఊపిరి తీసికొనుట, సేదదీరుట. కథ నొకచోట నాపి, శ్రోతవైపు తిరిగి, వినుచున్నావా యని పలుకరించి, మరల కథలోనికి పోవుటకు ఏర్పడిన స్థానమది. ఎనిమిదాశ్వాసముల కళాపూర్ణోదయమున సూరన యిట్లు పలుమాఱులు కృష్ణమరాజు ముఖము చూచినాడు. నేటి ధారావాహికల చివర 'సశేషము' అని కనబడు మాటకు పూర్వరూపమును వెదకువారు ఇచట వెదకవలెను.

ఆ గ్రంథారంభము నొకమాఱు స్మరింతము. ద్వారకలో కలభాషిణి చెలులతో ఉయ్యాల లూగుచుండును. ఆకాశమున రంభానలకూబరుల విమానము పోవుచుండును. నారదుడును అతని శిష్యుడగు మణికంధరుడును అచటికే వత్తురు. ఒకరి కొకరు సంబంధము లేనట్లు తోచు నీ పాత్రల నడుమ ముడులు పడుచునే యుండును. అవి విడుట యెన్నో ఆశ్వాసములు గడచిన పిమ్మటనే. కలభాషిణియే మధురలాలసగా జన్మించునని గాని, మణిస్తంభ సుముఖాసత్తులు శాలీన సుగాత్రులే యని గాని శ్రోత ముందుగా నెఱుగడు. కవికి తెలిసినది శ్రోతకు తెలియకుండుటయే ఇచటి ఆకర్షణము. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువరించిన కవిత్వతత్త్వ విచారమున సూరన కథాకల్పనమును విశేషముగా ప్రశంసించుటకు ఈ నేర్పే కారణము. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌గారల ఆంగ్లానువాదము 2002లో వెలువడిన పిమ్మట ఆ కథనచాతుర్యము దేశాంతర పాఠకులకును తెలియవచ్చినది.

ఇంత దీర్ఘముగా శ్రోతను నిరీక్షింపజేయుటకు కవికి ధైర్య మెచటిది? కృతి యంతయు ముగిసిన పిమ్మటనే సభకు చేరును. శ్రోత యెదుటనే కూర్చుండును. సందేహము వచ్చినచో అడుగవచ్చును, మరల చదివించుకొనవచ్చును. కావున సూరన తన శ్రోత జ్ఞాపకశక్తిని నమ్మి వ్రాసెను. ఈ నమ్మకమును మనము గౌరవముగా భావింపవలెను.

ఇక ప్రణయ స్వరూపము. కళాపూర్ణోదయమున సుగాత్రీశాలీనుల కథ చిన్నది, కాని అపూర్వమైనది. సర్వాలంకారములతో దరిచేరిన భార్యను చూచి శాలీనుడు చలింపడు. తోటపనిలో నున్న యతనికి సాయపడుటకై ఆమె నగలు తీసివైచి, కొంగు బిగించి, చెమటలు గ్రమ్మ పనిచేయునపుడు మాత్రము అతని మన సామెపై లగ్నమగును. అలంకారములే ప్రాణమని భావించిన కాలమున, ప్రేమ పనిపాటలయందు పుట్టునని ఒక రాజాశ్రిత కవి చెప్పుట సామాన్యవిషయము కాదు. సభాసదులలో నెవ్వరికైనను ఇంటి జ్ఞాపకము వచ్చియుండవలెను. శ్రోతతో సంబంధము ఆశ్చర్యము చేతనే గాక, పోలిక చేతను కుదురునని సూరనకు తెలియును.

ప్రభావతీప్రద్యుమ్నమున మఱొక సాధనము కలదు. ఒకరి నొకరు కలిసికొనని నాయికానాయకుల నడుమ శుచిముఖి యను హంసి తిరుగుచుండును. ఆమె ప్రభావతి యెదుట ప్రద్యుమ్నుని, ప్రద్యుమ్ను నెదుట ప్రభావతిని వర్ణించి, మాటలచేతనే ప్రేమను పెంచును. ఇరువురి హృదయములును ఎఱిగినది ఆమె యొక్కతెయే. ఎచట చెప్పవలెనో, ఎచట ఆపవలెనో కూడ ఆమెకే తెలియును. ప్రణయకథకుని వృత్తికి ఇంతకంటె చక్కని ప్రతిరూపము మన సాహిత్యమున అరుదు. ఈ హంసిని పాఠకులు జ్ఞాపక ముంచుకొనవలెనని ప్రార్థన. వ్యాసాంతమున ఆమెతో మరల పని యున్నది.

సభలో శ్రోత కథకడకు వచ్చును. కథయే శ్రోతకడకు పోవు పద్ధతియు ఈ సీమలోనే కలదు. ఆళ్లగడ్డకు సమీపమున గల అహోబిలమున నరసింహస్వామి చెంచులక్ష్మిని వరించిన కథ ప్రసిద్ధము. సంక్రాంతి నాళ్లలో మొదలై నలుబది దినములకు పైగా సాగు పార్వేట యుత్సవమున స్వామి పల్లకిలో ఊరూర తిరిగి, తన పెండ్లికి రమ్మని జనులను తానే పిలుచునని ఇచటివారి విశ్వాసము. ఆళ్లగడ్డ ప్రాంత గ్రామములవారు కథను వినుటకు కొండకు పోనక్కఱలేదు. పెండ్లికుమారుడే గుమ్మముకడకు వచ్చును. ముద్రణయంత్రమును, మాసపత్రికయు, వారపత్రికయు ప్రణయకథకు చేసిన మేలు ఇట్టిదే. అవి కథను పల్లకి నెక్కించి గుమ్మములకు చేర్చినవి.

1960, 1970 దశకములలో ఆ పల్లకి మోసినవారిలో స్త్రీలే అధికులు. కోడూరి కౌసల్యాదేవి, ద్వివేదుల విశాలాక్షి, మాదిరెడ్డి సులోచన మున్నగువారి నవలలకై పాఠకులు ఎదురుచూచిరి. పురుషులు కొందఱు స్త్రీనామములతో వ్రాయసాగి రన్నచో ఆ యాదరణ మెంతటిదో ఊహింపవచ్చును. 1940లో కృష్ణా జిల్లా కాజ గ్రామమున జన్మించి, 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూసిన యద్దనపూడి సులోచనారాణి వీరిలో అగ్రగణ్యురాలు. ఆమె 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వెలువడి, 1976లో చలనచిత్రమైనది. 'మీన', 'జీవనతరంగాలు' అంతకుముందే 1973లో తెర కెక్కినవి.

ధారావాహిక రచయిత్రి పని యెట్టిది? గడువునకు భాగ మందవలెను. ప్రతిభాగమును మరునాటి ఆశతో ముగియవలెను. కథ ముగియకమునుపే పాఠకుల యుత్తరములు సంపాదకుని బల్లపై చేరును. నాయికను బాధింపవలదని ఒకరు, నాయకుని క్షమింపవలదని ఒకరు. సూరనకు లేని యీ యొత్తిడి ఆమె కున్నది. దీనిని అంగడి సరుకు తయారుచేయుట యని తీసివేయుట తొందరపాటు. ఆళ్లగడ్డ శిల్పులు కోరినవారికి కోరిన విగ్రహమును చెక్కి యిత్తురు. కొలతలు శాస్త్రమువి, కోరిక ఇతరులది. అయినను విగ్రహముఖమున వెలుగు శిల్పి చేతిది. కృతిపతి కోరినంత మాత్రమున కళాపూర్ణోదయము తక్కువ కాలేదు. సంపాదకుడు కోరినంత మాత్రమున నవల యేల తక్కువ కావలెను?

భేదము వేఱొకచోట నున్నది. మాసమున కొక్కమాఱు చదువు పాఠకురాలికి ఆఱాశ్వాసముల ముడి పనికిరాదు. కావున ధారావాహిక చిన్న ముడులనే వాడును. ఆ ముడి పేరు అపార్థము. 'సెక్రటరీ'లో జయంతి ఆత్మాభిమానము గల మధ్యతరగతి యువతి; జీతముపై బ్రతుకవలసినది. రాజశేఖరము సంపన్నుడు. ఆమె యభిమాన మామెను మాటాడనీయదు. అతని స్వభావము లోకమునకు వేఱుగా కనబడును. వారి నడుమ నున్నది ప్రేమయే యని వారిద్దఱికంటె ముందు పాఠకురాలికి తెలియును. సూరన కథలో కవికి తెలిసినది శ్రోతకు తెలియదు. ఇచట నాయికకు తెలియనిది పాఠకురాలికి తెలియును. ఈ తలక్రిందు అమరికయే ఆమె ప్రజాదరణ రహస్యమని మా నిశ్చయము.

శుచిముఖి నిచట జ్ఞప్తికి దెచ్చుకొందము. ఇరువురి హృదయములు నెఱిగి నడుమ తిరుగు హంసి స్థానమున సులోచనారాణి పాఠకురాలిని నిలిపినది. జయంతి నోరు విప్పనపుడు పాఠకురాలి మనస్సు నోరు విప్పును. తఱువాతి సంచిక వచ్చువఱకు చెలికత్తెవలె ఆమె ఆ యిరువురికై చింతించును. నంద్యాలవంటి పట్టణములలో అద్దె పుస్తకాల దుకాణమున రోజుల లెక్కను అద్దె చెల్లించి నవల తెచ్చుకొన్న గృహిణియు, పత్రికలనుండి ధారావాహిక పుటలను చించి, వరుస తప్పక కుట్టి దాచుకొన్న కన్యయు చేసిన పని యిదియే. ఆ కుట్టులో నున్నది వట్టి కాలక్షేపము కాదు. కథ తమ చేతులమీదుగా పూర్తియైనదను తృప్తి.

ఇంకొక పోలికయు కలదు. సుగాత్రికి తోట యెట్టిదో జయంతికి ఉద్యోగ మట్టిది. రెండుచోట్లను ప్రేమ పనిచేయు స్త్రీని వరించినది. ఆంగ్లమున 1740లో వెలువడిన రిచర్డ్‌సన్ 'పమేలా' కూడ కొలువునందున్న కన్యకును యజమానికిని నడుమ నడచిన కథయే. స్త్రీ జీతమునకై గడప దాటిన కాలమున ఇట్టి కథ పుట్టుట సహజము. 1960 దశకమున తెలుగు మధ్యతరగతి కన్యలు చదువుకొని ఉద్యోగముల కేగుచుండిరి. వారి భయమును, గౌరవకాంక్షను సులోచనారాణి గుర్తించినది.

అయినను దోషమును దాచుట విమర్శ కాదు. ఆమె నవలలు కలలను అమ్మినవని పలువు రనిరి. కారు, మేడ, పూలతోట లేని నాయకుడు వానిలో అరుదు. ఈ యాక్షేపణలో సత్యము కలదు గాని అది గుఱి తప్పినది. రాజులు, గంధర్వులు, విమానములు లేని ప్రబంధ మేది? సంపద వర్ణించుట దోషము కాదు. దోష మెచట ననగా, ఉద్యోగమున మొలచిన ఆత్మాభిమానము ప్రేమ ఫలింపగనే వెనుకకు పోవుట. జయంతి నేర్చిన స్వాతంత్ర్య మేమైనదను ప్రశ్నకు నవల సమాధాన మీయదు. సూరన యిచట ముందడుగు వేసెను. సుగాత్రి మరల నగలు ధరింపగనే శాలీనుని విముఖత తిరిగివచ్చును. ప్రేమకు కారణమైన పనిని విడిచినచో ప్రేమ నిలువదని కథయే చెప్పుచున్నది. పాఠకుల యుత్తరములు బల్లపై నున్న రచయిత్రికి ఇంతటి కాఠిన్యము సాధ్యము కాలేదు. పాఠకురాలిని చెలికత్తెగా చేసికొన్న కథకురాలు చెలికత్తె కోరికను కాదనుట కష్టము. ఆ సాన్నిహిత్యమే ఆమె బలము. ఆమె చెల్లించిన మూల్యమును అదియే.

ఈ నిర్ణయమునకు వచ్చుటకు మాకు సూరన గ్రంథ మెంత యవసరమయ్యెనో, సులోచనారాణి నవలయు నంతే యవసరమయ్యెను. సుగాత్రి కథలోని సాహసము జయంతి కథ చదివిన పిమ్మటనే మాకు పూర్తిగా తెలియవచ్చినది. కావున ఆనాడు విద్యార్థినిని వారించుట మా పొరపాటు. ఒకదానికి బదులుగా ఒకటి యీయక రెండింటిని చేతికీయవలసియుండెను.

పరిశోధకులకొక విన్నపము. తాళపత్రములను మన పూర్వులు వెదకి కాపాడినందున కళాపూర్ణోదయము మనకు దక్కినది. అద్దె పుస్తకాల దుకాణములు మూతపడినవి. ఇండ్లలో కుట్టి దాచిన ధారావాహిక సంపుటములు చెదలపాలగుచున్నవి. పత్రికల పాఠకలేఖలు తూకమునకు పోవుచున్నవి. ఒక తరము స్త్రీలు ఏమి చదివి, ఏమి కోరి, దేనికి కన్నీరు పెట్టిరో తెలుపు సాక్ష్యములవి. నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను ఇంటింటికి తిరిగి వానిని సేకరించు విద్యార్థి యెవరైన వచ్చినచో, ఈ మాఱు మేము వారింపము, త్రోవ చూపుదుము.