4.3 గుస్తావ్ కాయ్‌బోట్: 'అంగడిలో పేర్చిన పండ్లు'

నిశ్చల చిత్రం అనగానే భోజనాల బల్ల, దానిమీద పళ్ళెం, పళ్ళెంలో నాలుగు పండ్లు గుర్తుకు వస్తాయి. 18వ శతాబ్దపు షార్దాఁ చిత్రాల్లో పండ్లు అలా ఒక ఇంటికి చెందినవే. 1881–82 ప్రాంతంలో కాయ్‌బోట్ వేసిన ఈ తైలవర్ణ చిత్రం (బోస్టన్ లలితకళల మ్యూజియం) ఆ ఇంటిని వదిలి వీధిలోకి వస్తుంది.

చిత్రాన్ని గమనించండి. గది లేదు, అమ్మే మనిషి లేడు. నలిగిన తెల్ల కాగితాల మధ్య రకానికొక కుప్పగా పండ్లు. బేరానికి వంగినవారికి కనిపించినట్లు అవి పైనుంచి కనిపిస్తాయి. ఇవి ఇంకా ఎవరివీ కావు, సరుకు మాత్రమే. పారిస్ నగర జీవితాన్ని ఇష్టంగా చిత్రించిన కాయ్‌బోట్‌కు ఇది తగిన వస్తువు.

అయితే అసలు పనితనం పండ్లలో కంటే కాగితాల్లో ఉందని నా అభిప్రాయం. తెల్లగా తోచే ఆ మడతల్లో నీలం, లేత ఊదా ఛాయలు ఉన్నాయి. నీడ అంటే నలుపు కాదు, అదీ ఒక రంగే అన్న ఇంప్రెషనిస్టుల అవగాహన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చల్లని ఛాయల పక్కన నారింజల రంగు మరింత వెలుగుతుంది.

ఇలా గళ్ళుగళ్ళుగా పేర్చితే చిత్రం చీర అంచు నమూనాలా మారిపోదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన సందేహమే, దూరం నుంచి కొంత అలాగే ఉంటుంది. దగ్గరికి వెళితే మాత్రం ఒకే కుప్పలోని రెండు పండ్లపై కూడా వెలుగు ఒకేలా పడదు.