మీటరు మీద మైనస్

జింకు ఆనోడ్, రాగి క్యాథోడ్. ఇంటర్ దాటిన ఏ పిల్లనైనా నిద్రలో లేపి అడగండి, ఇదే చెబుతుంది. 1836 నాటి డేనియల్ ఘటం అంతగా పాతుకుపోయింది. అందుకే మా డిగ్రీ ల్యాబ్‌లో ఈ ప్రయోగం నాడు జింకు రేకులు బీరువాలోంచి బయటికి తియ్యను.

రెండు బీకర్లు. రెంటిలోనూ మైలుతుత్తం నీళ్లే, రాగి రేకులే. ఒకటి 1 మోలార్, చిక్కటి నీలం. రెండోది 0.01 మోలార్, మంచినీళ్లని పొరబడేంత పలచన. మధ్యన పొటాషియం నైట్రేట్‌లో తడిపిన ఫిల్టర్ పేపరు. (అగర్‌తో పోసిన సాల్ట్ బ్రిడ్జి గొప్పదేగానీ, మా దగ్గర వాడేలోపే ఎండిపోతుంది.)

"రెండూ రాగే కదా సార్, ఆనోడ్ ఏది?"

అయాన్లు తక్కువున్న వైపుది. అక్కడి రేకు కరుగుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది. చిక్కటి వైపు రాగి అయాన్లు వాటిని అందుకుని రేకు మీద పేరుకుంటాయి. రెండు వైపులా సమానమయ్యేదాకా ఇదే తంతు. 1889 నాటి నెర్న్‌స్ట్ సమీకరణంలో వేస్తే 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులు రావాలి. మా బల్ల మీద ఏనాడూ రాలేదు, అందులో సగం దగ్గరే తచ్చాడుతుంది. రేకులు సరిగ్గా గీకలేదని మొదట్లో పిల్లల్ని కసిరేవాణ్ని. వాళ్ల తప్పేం లేదు. చిక్కటి ద్రావణంలో రాగి, సల్ఫేట్ అయాన్లు ఒకదాన్నొకటి పట్టి లాగుతుంటాయి. సీసా మీద రాసినంత సత్తా వాటికి ఉండదు. గాఢత బదులు యాక్టివిటీ వేసి చూస్తే లెక్కా మీటరూ దగ్గరపడతాయి.

నాకిష్టమైన ఘట్టం ఆ తర్వాతది. కిటికీలు తెరిపించి, చిక్కటి బీకరులోకి అమ్మోనియా వంచుతాను. ముందు పాలు విరిగినట్టు లేతనీలం అవక్షేపం. ఇంకా పోస్తే అదీ కరిగిపోయి, సిరాబుడ్డి రంగు. ఇప్పుడు క్యాథోడ్ ఏదంటే అందరి వేళ్లూ దానివైపే. మీటరు మాత్రం మైనస్‌లోకి దిగుతుంది. రాగిని అమ్మోనియా చుట్టుముట్టి కట్టిపడేసింది. విడిగా తిరిగే అయాన్లు పలచటి బీకరులోకన్నా తక్కువైపోయాయి. అంత రంగున్న బీకరు ఆనోడ్ అయి కూర్చుంది.

మొన్న ఒకమ్మాయి "క్లిప్పులు తారుమారు పెట్టాను సార్" అంటూ మార్చబోయింది. వద్దమ్మా, కనబడింది కనబడినట్టే రికార్డులో రాయి అన్నాను. కాసేపాగి వెళ్లి చూస్తే అంకె ఉంది. దాని ముందు వైటెనర్ ఇంకా తడి ఆరలేదు.