కాంచనద్వీపము: తెరమీది నిధి, పుస్తకములోని నిధి

ఒక ప్రసిద్ధమైన నవలను దృశ్యరూపమునకు మార్చినప్పుడెల్ల మూలమును చదివినవారు మొఱపెట్టుకొనుట లోకములో నున్నదే. "కథను చెడగొట్టినారు" అని ఒకరందురు. "ఆ పాత్ర అటువంటిది కాదే" అని మఱియొకరందురు. ఈ మొఱలలో నెంత భాగము కేవలము అలవాటు వలన పుట్టినది, ఎంత భాగము న్యాయమైనది అని వేఱుచేసి చూచుట మాత్రము తఱచుగా జరుగదు. గడచిన వేసవి సెలవులలో నాగలాపురమున మా బంధువుల యింట రెండు సాయంకాలములు అట్టి విచారమునకు మాకు అవకాశము కలిగినది. అప్పుడు చూచినది స్టీవెన్‌సన్ వ్రాసిన 'ట్రెజర్ ఐలండ్' నవలకు టెలివిజన్ రూపము. బ్రిటనులో స్కై సంస్థవారు 2012 జనవరి 1, 2 తేదీలలో రెండు భాగములుగా దీనిని ప్రసారము చేసిరి. దర్శకుడు స్టీవ్ బ్యారన్, రచయిత స్టూవర్ట్ హార్‌కోర్ట్.

ఇంగ్లీషు తెలిసినవారు మాలో ముగ్గురు నలుగురే. తక్కినవారికి ఒక ఉపాధ్యాయుడు సగము తెలుగున, సగము తమిళమున కథను చెప్పుచు వచ్చెను. పిల్లల చేతులలో కోవిల్పట్టి కడలమిఠాయి, పెద్దల నోళ్ళలో తాంబూలము. ఇంతకంటె నిష్పక్షపాతమైన సభ దొరకదని మా నమ్మకము. ఏలయన, వీరిలో మూలమును చదివినవారు లేరు. కావున 'మూలమునకు ద్రోహము' అను మాట వీరి నోట వచ్చుటకు వీలులేదు.

కథ చాలమందికి తెలిసినదే యైనను రెండు మాటలలో చెప్పుదుము. సముద్రతీరమున తల్లి నడుపు పూటకూటియింటిలో నుండు జిమ్ అను బాలునికి, అక్కడ చనిపోయిన యొక ముసలి నావికుని పెట్టెలో ఫ్లింట్ అను ఓడదొంగ పాతిన నిధికి సంబంధించిన పటము దొరకును. ఊరి దొర ట్రెలానీ, వైద్యుడు లివ్‌సీ ఓడను సిద్ధపఱతురు. ఆ ఓడలో వంటవాడుగా చేరిన ఒంటికాలి జాన్ సిల్వర్ నిజమునకు ఫ్లింట్ ముఠావాడే. తక్కినది తిరుగుబాటు, దీవి, కాల్పులు, నిధి.

1881లో స్కాట్లండునందు వానలకు ఇల్లు కదలలేని దినములలో, సవతికొడుకుతో కూడి గీసిన దీవిపటమును చూచి స్టీవెన్‌సన్ ఈ కథను అల్లినాడు. ఆ యేటి చివరనే అది యొక బాలుర పత్రికలో మాఱుపేరుతో వరుసగా వెలువడి, 1883లో గ్రంథమయ్యెను. తెలుగువారికి దీనిని 'కాంచనద్వీపము' అను చక్కని పేరుతో అందించినవారు నండూరి రామమోహనరావుగారు. ట్రెజర్ అను మాటకు 'నిధి' అని ఊరకుండక 'కాంచన' మనుటలో నొక మెఱపున్నది. ఆ మెఱపు వెనుక పోవువారి కన్నులు చెదరుట కూడ ధ్వనించును.

ఇక ప్రేక్షకుల మాట. సిల్వరు విషయమున భేదాభిప్రాయమే లేదు. ఎడ్డీ ఇజార్డ్ ధరించిన ఆ పాత్ర తెరమీదికి వచ్చినంతనే సభ నిశ్శబ్దమయ్యెడిది. మామూలుగా సిల్వరనగా భుజముమీద చిలుక, నోటినిండ కేకలు, గుడ్లురుముట. ఈయన అట్లు చేయడు. మెల్లగా మాటలాడును, నవ్వును, కుఱ్ఱవానికి తండ్రివలె బుద్ధులు చెప్పును. "వీడు మంచివాడా చెడ్డవాడా?" అని ఒక బాలిక అడిగిన ప్రశ్నకు ఉపాధ్యాయుడు సమాధానము చెప్పలేకపోయెను. స్టీవెన్‌సన్ కోరినదియు ఆ సందిగ్ధమే. తనకు మిత్రుడు, ఒక కాలు పోగొట్టుకొన్నవాడు అయిన కవి హెన్లీ బలమును మనసునం దుంచుకొని సిల్వరును సృష్టించితినని ఆయనయే చెప్పియున్నాడు. మనవారికి ఇట్టి ఆనందము క్రొత్తది కాదు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో ఎస్. వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుని జూచి, వాడు తోటరాముని బలి యీయదలచినవాడని తెలిసియు, వాడు తెరమీద నుండగా మఱియొకరిని చూడలేకపోయినవారు మన పెద్దలలో నెందఱో. ఆ చిత్రము తెలుగున, తమిళమున కూడ వచ్చినది గనుక ఈ ప్రాంతమున దానికి రెండు వాకిండ్లు.

రెండవ విషయము స్త్రీపాత్రలు. సిల్వరు భార్యకు ఒక పేరిచ్చి, జిమ్ తల్లితో కలిపి ఒక ఉపకథ నల్లినారు. విదేశములలో నవలాభిమానులు దీనిని తప్పుపట్టినారు. స్త్రీలు లేకుండుట ఈ కథకు నియమమనియు, ఆ నియమము పెట్టినవాడు సవతికొడుకైన బాలుడే యనియు వారికి తెలియును. మా సభలోని యువతులకు మాత్రము అది నచ్చినది. మేము కొంతవఱకు వారి పక్షమే. ఏలయన, ఆ భార్య కల్పితము కాదు. సిల్వరుకు ఒక నల్లజాతి భార్య కలదనియు, అతడు ఓడ యెక్కినప్పుడు పానశాలను ఆమెయే చూచుకొనుననియు, బ్యాంకులో అతనికి ఎన్నడును తఱుగని నిలువ కలదనియు నవలలో దొర వ్రాసిన యుత్తరమున నున్నది. మూలములో విత్తుగా నున్నదానిని మొలకెత్తించుట దోషము కాదు. మొలక బలముగా లేదనుట వేఱు మాట. ఆ ఉపకథ వచ్చినప్పుడెల్ల పిల్లలు కడలమిఠాయికై లేచిరి.

అయితే జిమ్ తల్లి విషయమున మూలములోనే యొక గొప్ప ఘట్టమున్నది. చనిపోయిన నావికుడు తన కీయవలసిన బాకీని ఆమె అతని పెట్టెలోనుండి తీసికొనును. దొంగలు దారిలో నున్నారు, చీకటి పడినది, ప్రాణభయము. అయినను ఆమె దేశదేశముల నాణెములలో తనకు లెక్క తెలిసినవానినే యేఱి, రావలసినదానికంటె ఒక్క కాసు ఎక్కువ ముట్టనని లెక్కపెట్టుచు కూర్చుండును. ఈ విషయము ఉపాధ్యాయుడు చెప్పగా విని, ఇంటి పెద్దదిక్కైన అవ్వ, "ఆమె మన ఆడదిరా" అనెను. నవల మొత్తములో బంగారమును న్యాయముగా ముట్టుకొన్నది ఆమె యొక్కతెయే యని ఆ మాటతో మాకు తోచినది.

ఇప్పుడు అసలు వివాదమునకు వత్తుము. నవలలో దొర ట్రెలానీ వదరుబోతు, అంతే. టెలివిజనువారు అతనిని లోభిగ, కఠినునిగ మార్చినారు. సిల్వరుకు, అతని అనుచరులకు ఫ్లింట్ చేసిన మోసమును మొదటనే చూపి, ఆ నిధిలో వారికిని ఒక హక్కు కలదనిపించినారు. చివర ఓడ తిరిగి వచ్చునప్పుడు, ఇంత నెత్తురు త్రాగిన బంగారము వలదని జిమ్ దానిని సముద్రములో పారవేయించును. దానికై ప్రాకులాడిన దొర నీటిపాలగును.

ఈ ముగింపుపై నాగలాపురమున గొప్ప చర్చ జరిగినది. పండ్రెండేండ్ల కుఱ్ఱవాడొకడు, "అంత దూరము పోయినది యెందుకు మఱి?" అని కోపించెను. గ్రామపరిపాలన యుద్యోగము చేసి విశ్రాంతి తీసికొనుచున్న యొక మామ, "ఆ దొరకు కలెక్టరు లేడా?" అని నవ్వించి, మన దేశమున 1878 నాటి నిధుల చట్టమును వివరించెను. పది రూపాయలకు మించిన నిధి భూమిలో దొరకినచో కలెక్టరుకు తెలుపవలెను. సొంతదారు ఎవరును తేలనిచో, వేఱు ఒప్పందము లేనప్పుడు, దొరకించుకొన్నవానికి మూడు పాళ్ళు, నేల గలవానికి ఒక పాలు. నవలకంటె ఐదేండ్లు ముందటి చట్టమిది. సిల్వరు ఈ చట్టమును చదివియున్నచో ఏమనెడివాడో గాని, నిధి యనగా మొదట 'సొంతదారు ఎవరు?' అని యడుగవలెనను బుద్ధి అందున్నది. అవ్వయు ఆ ప్రశ్ననే వేఱుగ అడిగెను: "ఎవరెవరి మెడలో తాళ్ళో అవి. వాండ్ల బిడ్డలకిచ్చేది పోయి నీళ్ళలో వేస్తే పాపము పోతుందా?"

మా విమర్శ కూడ ఇచ్చటనే నిలిచియున్నది. మూలమును మార్చినందుకు మేము టెలివిజనువారిని తప్పుపట్టము. అడిగిన ప్రశ్న మంచిదే. దొంగసొత్తును మంచివారు పంచుకొనిన అది మంచిసొత్తగునా యని స్టీవెన్‌సన్ పైకి అడుగలేదు, వీరడిగిరి. కాని ప్రశ్న అడిగి, ఉత్తరము చెప్పుటకు బదులు ప్రశ్నను కూడ సముద్రములో పారవేసిరి. బంగారము మునిగినంతనే జిమ్ చేతులు శుభ్రమైనవి, సంగీతము మ్రోగినది, ప్రేక్షకుని మనసు తేలికపడినది. ఇంత సులువుగా తేలికపడుటయే మాకు రుచింపలేదు.

నవలలో ఆ సులువు లేదు. బెన్ గన్ గుహలో పోగుపడియున్న బంగారమును చూచినప్పుడు జిమ్, దానికై ఎన్ని ఓడలు మునిగినవో, ఎందఱు కళ్ళకు గంతలతో కడలిపాలైరో, ఎంత అబద్ధము, ఎంత క్రౌర్యము పోసినచో ఇది ఇంత ప్రోగైనదో యని తలచుకొనును. తలచుకొనియు సంచులకెత్తును. ఇంటికి తెచ్చి అందఱును తమ తమ పాళ్ళు తీసికొందురు. కొందఱు తెలివిగ, కొందఱు తెలివిమాలి వాడుకొందురు. వేయి పౌనులు పొందిన బెన్ గన్ వానిని పందొమ్మిది దినములలో ఊడ్చి, ఇరువదవనాడు మరల చేయి చాచును. సిల్వరు మూడు నాలుగు వందల గినీల సంచి యొకటి ఎత్తుకొని జారుకొనును. ధనవంతుడైన జిమ్ మాత్రము రాత్రులయందు ఆ దీవి అలల మ్రోత, చిలుక కేక విని ఉలికిపడి లేచును. పాపము పోయినదని స్టీవెన్‌సన్ చెప్పలేదు. బాలుర పత్రికలోని కథ పెద్దవారి కొఱకు చేసిన టెలివిజన్ నాటకముకంటె పెద్దమనసుతో ముగియుట వింతగా లేదా?

బంగారము, దానికంటిన నెత్తురు అను విషయము ఈ కరిసల్ నేలకు దూరమైనది కాదు. కోవిల్పట్టి దగ్గఱి ఇడైసెవల్‌లో పుట్టిన, మన తెలుగు కుటుంబమువాడే యైన కి. రాజనారాయణన్‌గారు 1976లో తమిళమున వ్రాసిన 'గోపల్ల గ్రామము' అట్టి ఘట్టముతోనే ఆరంభమగును. దారినిపోవు గర్భిణి యొకతె చెఱువులో దప్పి తీర్చుకొనుచుండగా, నగలకై యొక దొంగ ఆమె తలను నీటిలో నదిమి చంపును. చనిపోవుచు ఆమె వాని కాలిబొటనవ్రేలిని కొఱికివేయును. ఆ దొంగకు శిక్ష పడును. అయినను ఆ శిక్షతో ఊరి మనసు తేలికపడదు. శిక్ష వేయువారి బాధ, తీర్పు చెప్పువారి వెఱపు పుటలకొలది సాగును. తమ పూర్వులు తెలుగునేల విడిచి అడవులు దాటి వచ్చిన వలసకథను కూడ ఆ నవలయే చెప్పుచున్నది. ఏది విడిచివచ్చితిమి, ఏది మూటగట్టుకొని వచ్చితిమి అను ప్రశ్న గల జనమునకు, వలదన్నది నీటిలో వేసి నిశ్చింతగా నుండు ముగింపు రుచింపకపోవుటలో ఆశ్చర్యమేమి?

దృశ్యరూపమును చూచిన తరువాత పిల్లలు 'కాంచనద్వీపము' చదువుదుమనిరి. ఇచ్చట మాకు సిగ్గు కలిగినది. మా యిండ్లలో తెలుగు చెవికి తెలిసిన భాషయే గాని కంటికి తెలిసినది కాదు. మాటలన్నియు వచ్చును, అక్షరము రాదు. 2006 నాటి చట్టము పాఠశాలలలో తమిళమును తప్పనిసరి చేసినప్పుడు అల్పసంఖ్యాక భాషలవారు కొందఱు న్యాయస్థానములకు పోయిరి. కాని నిజము చెప్పవలెనన్న, మావంటి పల్లెలలో అంతకు ఎన్నో తరముల ముందే అక్షరము చేజాఱినది. దానికి ఏ చట్టమును నిందింపజాలము.

కాబట్టి చదివి వినిపించితిమి. రాత్రి భోజనములైన తరువాత ఆఱుబయట, దినమునకు రెండు ప్రకరణములు. నండూరివారి తెలుగు కృష్ణాతీరపుది, వినువారిది కరిసల్ నేలది. నడుమ నడుమ ఒక మాటకు మఱియొక మాట చెప్పవలసి వచ్చినది. ఆపిల్ పీపాలో దాగిన జిమ్ దొంగల కుట్రను వినుచోట, తెరమీద చూచినప్పుడు లేచి పోయిన పిల్లలే ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. కొందఱు చిత్రమే బాగున్నదనిరి. కాల్పులు చదివితే కనబడవట. ఆ మాటలోను సత్యమున్నది.

చివరి ప్రకరణమున, ఫ్లింట్ పాతిన వెండికడ్డీలు, ఆయుధములు ఇంకను ఆ దీవిలోనే యున్నవనియు, ఎవరెంత ఈడ్చినను తాను మరల పోననియు జిమ్ చెప్పుటతో పుస్తకము ముగిసినది. అందఱును లేచిరి. అవ్వ మాత్రము కదలక, "అయితే ఆ వెండి అట్లే ఉండాదా?" అని అడిగెను. అంత దూరము పోయినది యెందుకని మొదట కోపించిన కుఱ్ఱవాడే, "ఉండాది అవ్వా, పటము మాత్రము మన దగ్గఱ లేదు" అని చాప చుట్టి లోనికి పోయెను.