వడపోతలో విడిచినవి: ఏఐ గమనికల సాధనాల వివరణపత్రం - ఒక పరిశీలన

ఏఐ ఏజెంటు ఒకేసారి పరిశీలించగల పాఠానికి పరిమితి ఉంది. అందుచేత, పేరుకున్న గమనికలలో ప్రస్తుత పనికి తగినవాటినే దానికి అందించే వడపోత సాధనం అవసరమైంది. అయితే ఎంపిక నియమాలను మాత్రమే తెలిపే వివరణపత్రం అసంపూర్ణం.

ఒక పరిశోధకుని గమనికలను ‘వేమన’ అనే పదంతో వడపోశామనుకుందాం. ‘ఈ ఆటవెలది ప్రక్షిప్తం’ అన్న గమనికలో ఆ పేరు లేకపోతే అది జారిపోతుంది. ఏజెంటు ఆ పద్యాన్ని వేమనకే ఆపాదించవచ్చు. లోపం ఎక్కడ జరిగిందో చదువరికి తెలియదు.

పాఠపరిష్కర్త తాను స్వీకరించని పాఠాంతరాలను అధోజ్ఞాపికలలో చూపుతాడు. అందువల్లనే అతని నిర్ణయాన్ని పునఃపరిశీలించగలుగుతున్నాం. సి.పి. బ్రౌన్ 1829లో 693 వేమన పద్యాలను, 1839లో 1164 పద్యాలను ప్రకటించాడు. ఎంపిక తుది తీర్పు కాదు.

కనుక ఏ గమనికలను ఏ కారణంచేత విడిచిందీ, వాటిని తిరిగి ఎలా చూడవచ్చునో వివరణపత్రం తెలపాలి. అప్పుడే ఆ వడపోత విమర్శకు నిలుస్తుంది.