భోషాణం, బీరువా, ఇంటి మూల: పాత నిల్వ సామాను అధ్యయనంపై ఒక విమర్శ

కీలక పదాలు: భౌతిక సంస్కృతి, భోషాణం, బీరువా, మూల అలమర, విశాఖ దంతపు పని, తాళంచెవి, స్త్రీల ఆస్తిహక్కు

పాత చెక్కసామానుకు విలువ కట్టేవారు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు. చెక్క ఏది, కాలం ఏది, ఇంతకు ముందు ఎవరి ఇంట ఉండేది? కుర్చీకి, బల్లకు ఈ ప్రశ్నలు చాలవచ్చు. వస్తువులను దాచడానికే పుట్టిన సామానుకు మాత్రం చాలవు. అందులో ఏం దాచేవారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది, తెరిచే అధికారం ఎవరికి ఉండేది కాదు అన్నవి కూడా అడగవలసి ఉంటుంది. భౌతిక సంస్కృతి అధ్యయనం వర్తకుని ప్రశ్నలతోనే తృప్తిపడితే గృహచరిత్రలో ముఖ్యమైన భాగం పెట్టె లోపలే ఉండిపోతుంది.

18వ శతాబ్దపు ఇంగ్లండులో ప్రాచుర్యం పొందిన మూల అలమరను ఇందుకు ఉదాహరణగా పేర్కొనవచ్చు. రెండు గోడలు కలిసేచోట ఇమిడేలా దాని వెనుకభాగాన్ని ముక్కోణంగా తీర్చేవారు. ముందు తలుపులు కొన్నిట్లో తిన్నగా, కొన్నిట్లో విల్లులా వంగి ఉండేవి. కొన్ని గోడకు వేలాడేవి, కొన్ని నేలమీద నిలిచేవి, మరికొన్ని గది చెక్కపనిలోనే కలిసిపోయేవి. తేయాకు, పింగాణీ ఖరీదైన వస్తువులుగా ఉన్న రోజులవి. అద్దపు తలుపు ఆ పింగాణీని అతిథికి చూపేది, దాని తాళం నౌకరు చేతికి అందకుండా కాపాడేది. ఈనాటి పాతసామాను కొట్టులో అదే అలమర ఓక్ చెక్కదా, మహాగనిదా అన్న వివరంతో అమ్ముడవుతుంది. గోడ నుండి ఊడదీసి తెచ్చిన దానికి ముక్కోణపు ఆకారం మిగులుతుంది గాని ఆ మూల మిగలదు. 1968లో వెలువడిన ‘వస్తువుల వ్యవస్థ’లో జాఁ బోద్రియార్, పాత వస్తువు ఉపయోగాన్ని విడిచి కాలాన్ని సూచించే పనికి మారుతుందని ప్రతిపాదించాడు. ఆ పరిశీలన సరైనదే. అయితే అది ఎవరి కాలాన్ని సూచిస్తోంది అన్న ప్రశ్న అక్కడ అడగకుండా మిగిలింది. తెలుగు నేలకు నేరుగా సంబంధమున్న విశాఖ దంతపు సామాను విషయంలో ఈ ప్రశ్న తప్పించుకోలేనిది.

18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివారు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల కోసం రాతబల్లలు, అరల బీరువాలు, పెట్టెలు తయారు చేశారు. రూపం ఇంగ్లీషు నమూనాలది. చెక్కలో దంతపు ముక్కలను పొదిగి, దంతం మీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపడం స్థానికుల పనితనం. అంచుల్లో పారే పూలతీగలు కోరమాండల్ తీరపు అద్దకం బట్టలను గుర్తుకు తెస్తాయి. తరువాతి కాలంలో పొదుగుడుకు బదులు చందనపు చెక్క మీద పలుచని దంతపు రేకులు పరిచే పద్ధతి హెచ్చింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఈ సామానును భద్రపరచిన ప్రధాన సంస్థల్లో ఒకటి. ఆ సంగ్రహాన్ని, అమెరికాలోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియం సంగ్రహాన్ని కలిపి అమీన్ జాఫర్ 2001లో వెలువరించిన సూచీగ్రంథం పరిశోధకులకు విలువైన ఆధారం.

ఈ సామాను చరిత్రలో కొన్నవారి పేర్లు ఎన్నో నిలిచాయి, చేసినవారి పేర్లు దాదాపు లేవు. ఇది సూచీకర్త లోపం కాదు, ఆధారాల స్వభావమే అటువంటిది. కొనుగోలుదారుకు వీలునామాలు, ఉత్తరాలు ఉన్నాయి. కంసాలికి ఉన్నది అతని పని మాత్రమే. కనుక విశాఖ సామానును ‘తెలుగువారి గృహవైభవం’గా వర్ణించడం సరికాదు. అది తెలుగువారు చేసినది, తెలుగు ఇంటిలో ఉన్నది కాదు. అందులోని అరలు కంపెనీ ఉద్యోగి ఉత్తరాలకూ లెక్కలకూ ఉద్దేశించినవి. తెలుగు ఇంటికి ఆ ప్రపంచం నుండి చేరిన వాటిలో ఎక్కువ కాలం నిలిచినది మాటే అనవచ్చు. ఐరోపా భాషల్లో రాతబల్లను సూచించే ‘బ్యూరో’ తెలుగులో ‘బీరువా’ అయి, బట్టలూ బంగారమూ దాచే వస్తువుకు పేరైంది. ‘అలమర’కు మూలం పోర్చుగీసు ‘అర్మారియో’. ‘సందుగ’ అరబ్బీ ‘సందూక్’ నుండి వచ్చింది. దాచుకునే వస్తువులకు ఇన్ని పేర్లు సముద్రం మీదుగా, సుల్తానుల పాలన మీదుగా వచ్చి చేరడం భాషాశాస్త్రజ్ఞులతో పాటు గృహచరిత్రకారులు కూడా పట్టించుకోవలసిన విషయం.

తెలుగు ఇంటి సొంత సామాను వేరు. మందమైన మట్టిగోడల్లో గూళ్లు, పైన అటక, దూలానికి ఉట్టి, ధాన్యానికి గాదె ఉండేవి. గోడలోనే గూడు ఉన్న ఇంట్లో మూల అలమర అవసరం అంతగా కలగదు. కలిగినవారి ఇళ్లలో వీటన్నిటికీ మించిన వస్తువు భోషాణం. బరువైన చెక్కతో, ఇనుప పట్టీలతో, మనిషి పడుకోగలిగినంత పొడవుతో చేసిన పెద్ద పెట్టె అది. పట్టుబట్టలు, వెండి, ఇత్తడి పాత్రలు, నగలు, భూముల దస్తావేజులు అందులో ఉండేవి. కొన్నిట్లో దొంగ అరలు కూడా ఉండేవి. రాత్రిపూట ఇంటి పెద్ద దానిమీదే పక్క వేసుకోవడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. అంటే ఆ పెట్టెకు తాళం ఒకటి, దానిమీద పడుకున్న మనిషి మరొకటి.

ఇంటి సామాను గురించి సిద్ధాంతచర్చ వచ్చినప్పుడు తరచు ఆశ్రయించే గ్రంథం గాస్తోన్ బాష్లార్ 1957లో ప్రచురించిన ‘స్థల కావ్యతత్త్వం’. అందులో మూడో అధ్యాయం సొరుగులు, పెట్టెలు, అలమరల గురించినది, ఆరో అధ్యాయం మూలల గురించినది. పెట్టె లోపలి భాగాన్ని ఆయన మనిషి అంతరంగానికి నమూనాగా భావిస్తాడు. మూలను ఒంటరి మనసు తనకు తాను ఎంచుకునే ఆశ్రయంగా చూస్తాడు. కవుల ఊహల ఆధారంగా చేసిన ఈ విశ్లేషణ అందమైనది. అయితే దీనిని తెలుగు ఇంటికి యథాతథంగా అన్వయించడంలో రెండు చిక్కులున్నాయి.

మొదటి చిక్కు భోషాణం స్వభావంలో ఉంది. అది వ్యక్తి అంతరంగం కాదు, ఉమ్మడి కుటుంబపు ఖజానా. అందులోని చీర కోడలిదే కావచ్చు, దాన్ని తీసి కట్టుకోవడానికి అత్తగారి బొడ్డున వేలాడే తాళాలగుత్తి కదలాలి. తన స్త్రీధనమే అయిన నగను మరొకరిని అడిగి పెట్టుకోవలసిన స్థితిని అంతరంగ సౌందర్యం కింద జమకట్టలేము. తాళాలగుత్తి అత్త చేతిలో ఉన్నంత మాత్రాన స్త్రీకి అధికారం ఉందనుకోవడమూ తొందరపాటే. దస్తావేజుల్లోని భూమిలో ఆ అత్తకూ వాటా లేదు. ఆమె కాపలాదారు మాత్రమే.

రెండో చిక్కు మూలకు సంబంధించినది. తెలుగు ఇంటిలో మూలకు ముందే ఒక పేరు, ఒక విధి నిర్ణయమై ఉంటాయి. ఈశాన్యం దేవుడికి, ఆగ్నేయం వంటకు, నైరుతి బరువైన సామానుకు అని వాస్తు పాటించేవారి నమ్మకం. డబ్బుండే బీరువాను నైరుతిలో పెట్టి ఉత్తరానికి తెరుచుకునేలా అమర్చే అలవాటు అపార్ట్‌మెంట్లలోనూ కొనసాగుతోంది. ఇంతకన్నా కఠినమైన అర్థం నుడికారంలో ఉంది. పనికిరాని వస్తువు ‘మూలన పడుతుంది’. భర్త చనిపోయిన స్త్రీని కొన్ని కులాల్లో ‘మూల కూర్చోబెట్టేవారు’. ఆ మూలను ఆమె ఎంచుకోలేదు. ఏకాంతపు సుఖం గురించి బాష్లార్ రాసిన పుటలను ఈ మూల పక్కన పెట్టి చదివే తెలుగు విద్యార్థి ఆ తేడాను గుర్తించకపోతే సిద్ధాంతం అరువు సొమ్ముగానే మిగులుతుంది.

భోషాణం స్థానాన్ని ఉక్కు బీరువా ఆక్రమించడం 20వ శతాబ్దపు పరిణామం. గోద్రెజ్ సంస్థ ఉక్కు బీరువాల తయారీని 1923లో ప్రారంభించింది. మధ్యతరగతి ఇళ్లకు అవి విస్తరించిన తరువాత ఆ సంస్థ పేరే వస్తువుకు పేరుగా వాడుకలోకి వచ్చింది. నిలువెత్తు అద్దం, లోపల లాకరు, మడతల మధ్య కలరా ఉండలు అన్నవి దాని గుర్తులు. భోషాణానికీ దీనికీ ఉన్న అసలు తేడా చెక్కకూ ఇనుముకూ ఉన్నది కాదు. భోషాణం ఇంటితో పాటు ఉండేది, ఎంత బరువంటే ఇల్లు మారినా అది మారేది కాదు. బీరువా మంచంతో పాటు పెళ్లికూతురి వెంట సారెగా వచ్చింది. తనదని చెప్పుకోగల తాళంచెవి చాలామంది స్త్రీలకు మొదటిసారి దానితోనే దక్కింది. ఈ లాభాన్ని తక్కువ చేయనక్కరలేదు.

అయితే ఆ బీరువా దేనికి బదులుగా వచ్చిందన్నది కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్ చేసిన హిందూ వారసత్వ చట్ట సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చింది. అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కునిచ్చింది. దేశమంతటికీ అటువంటి సవరణ రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం వాటా ఇచ్చిన తరువాత కూడా, మంచం, బీరువా ఇచ్చాం కనుక ఆడపిల్ల లెక్క తీరిందనే వాదన కుటుంబాల్లో వినిపిస్తూనే ఉంది. పాత భోషాణంలోని దస్తావేజు కొడుకు దగ్గర, కొత్త బీరువా కూతురి దగ్గర అన్నమాట.

ప్రస్తుతం భోషాణాలు కారైకుడి వంటి చోట్ల పాతసామాను అంగళ్లలోనూ, పైన అద్దం బిగించిన టీబల్లలుగా నగరాల హాళ్లలోనూ కనిపిస్తున్నాయి. వాటి గురించి రాయబూనే పరిశోధకులు కొలతలు, చెక్క, పట్టీల నమూనా నమోదు చేయడంతో ఆగకుండా, అమ్మిన కుటుంబంలోని వృద్ధ స్త్రీలను ప్రత్యేకంగా కలవవలసి ఉంది. పురుషులు భోషాణం ఎంత పెద్దదో చెబుతారు. అందులో తమ వస్తువు ఏ అడుగున ఉండేదో, దాన్ని బయటికి తీయించుకోవడానికి ఏ పండుగ దాకా ఆగవలసి వచ్చేదో స్త్రీలు చెప్పగలరు.