టన్ను చెప్పే ముందు

విశాఖపట్నంలో పోర్టా క్యాబిన్ లేని పనిచోటు అరుదు. పోర్టు యార్డుల్లో సూపర్‌వైజర్ల గది అదే, స్టీల్ ప్లాంట్ వైపు కాంట్రాక్టర్ల సైట్ ఆఫీసూ అదే. ఊరి శివార్లలో కొందరికి ఇల్లు కూడా అదే. షెడ్డులో తయారై లారీ మీద వచ్చి, క్రేను దించిన పూటకే గది అయిపోయే ఈ ఉక్కు పెట్టెకు సరైన ఏసీ కుదర్చడంలో మెకానిక్ పనితనం బయటపడుతుంది.

పని తెలిసినవాడు వచ్చీ రాగానే ఎన్ని టన్నులో చెప్పడు. ముందు గోడను వేళ్లతో తట్టి చూస్తాడు. డొల్లగా మోగితే లోపల ఏమీ నింపలేదని అర్థం. తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. తలుపు ఎటు ఉంటుంది సార్? రోజులో ఎన్నిసార్లు తీస్తారు? ఎంతమంది కూర్చుంటారు? కిటికీ పడమటికా? పైన షీటు నీడ ఏమైనా వేస్తారా? ప్రతి ప్రశ్న వెనకా ఒక లెక్క ఉంది.

ఏసీలో టన్ను అంటే బరువు కాదు, వేడిని తోడే శక్తి. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత. గంటకు 12,000 బీటీయూలు, అంటే సుమారు 3.5 కిలోవాట్లు. ఇటుక ఇంటికైతే నేల వైశాల్యాన్ని బట్టి ఉజ్జాయింపుగా టన్ను చెప్పేస్తే సరిపోవచ్చు. ఉక్కు గదికి ఆ కొలత నిలవదు. 20 అడుగుల కంటైనర్ సైజు క్యాబిన్ నేల 160 చదరపు అడుగులే. కప్పు, నాలుగు గోడలు కలిపితే దాదాపు 640. నేలకు నాలుగింతల ఉక్కు, అదీ సుమారు రెండు మిల్లీమీటర్ల మందంతో, ఆరుబయట నిలబడి ఉంటుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నపు ఎండను లోపలికి చేరవేయడానికి గంటలు తీసుకుంటే, రేకు నిమిషాల్లో చేరవేస్తుంది. పైగా విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ దెబ్బంతా కప్పు మీదే.

ఒక లెక్క వేసి చూద్దాం. బయట 35 డిగ్రీలు, లోపల 25 కావాలి. ఉత్త రేకు పెట్టె అయితే, కప్పు నుంచీ గోడల నుంచీ వచ్చే వేడే అయిదున్నర కిలోవాట్ల దాకా ఉంటుంది. నలుగురు మనుషులు, రెండు కంప్యూటర్లు, తెరుచుకునే తలుపు, నీడలో ఉన్న కిటికీ కలిసి మరో రెండు కిలోవాట్ల లోపు. అంటే రెండు టన్నులు పెట్టినా మధ్యాహ్నం చాలదు. అదే పెట్టెకు 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (వేడిని ఆపే ఫోమ్ నింపిన పలక) వేస్తే గోడల వేడి దాదాపు పదో వంతుకు పడిపోతుంది. మొత్తం రెండున్నర కిలోవాట్ల దగ్గర ఆగుతుంది. ఒక టన్ను చాలు. కిటికీని మాత్రం మరవకూడదు. పడమటి వైపు నీడ లేని పెద్ద అద్దం ఒక్కటి ఉంటే, సాయంత్రం గదిలోకి అయిదారుగురు అదనంగా వచ్చి కూర్చున్నంత వేడి చేరుతుంది.

ఎందుకైనా మంచిదని రెండు టన్నులది పెట్టించుకునేవాళ్లు చాలామంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఆ జాగ్రత్తే బెడిసికొడుతుంది. ఇక్కడి ఉక్కపోతకు ఎండ ఎంత కారణమో గాలిలోని తేమ అంత కారణం. తలుపు తరచూ తెరిచే క్యాబిన్‌లో ఏసీ గంటకు లీటరు దాకా నీళ్లు తోడాల్సి రావచ్చు. అందుకు కాయిల్ చాలాసేపు చల్లగా ఉండాలి, గాలి దాని మీదుగా పోతూ ఉండాలి. అవసరానికి మించిన మామూలు ఏసీ గదిని నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. కాయిల్ మీది నీరు కిందికి దిగకముందే ఫ్యాను గాలికి మళ్లీ గదిలోకి చేరుతుంది. మీటరులో 24 కనిపిస్తుంది, ఒంటికి మాత్రం జిడ్డు వదలదు. ప్లైవుడ్‌కు బూజు పడుతుంది. మాటిమాటికీ ఆగి మొదలవడంతో కంప్రెసర్ ఆయుష్షు తరుగుతుంది. 1902లో బ్రూక్లిన్ ముద్రణాలయం కోసం విల్లిస్ క్యారియర్ రూపొందించిన యంత్రం కూడా తేమకు సాగే కాగితాన్ని అదుపులో పెట్టడానికే. ఈ సంగతి ఒంటబట్టిన మెకానిక్ సరిపడే టన్నుకు ఇన్వర్టర్ ఏసీ సూచిస్తాడు. ఎండ తగ్గాక అది ఆగిపోకుండా, వేగం తగ్గించుకుని నెమ్మదిగా నడుస్తూ తేమను తోడుతూనే ఉంటుంది.

బిగింపులోనూ అంతే శ్రద్ధ. ఇండోర్ యూనిట్‌ను ప్యానెల్‌కు కాకుండా లోపలి ఇనుప చట్రానికి పట్టిస్తాడు. అవుట్‌డోర్ యూనిట్‌ను గోడకు తగిలిస్తే కంప్రెసర్ అదురుకు గదంతా మోగుతుంది కాబట్టి, రబ్బరు దిమ్మలు వేసి విడి స్టాండు మీద, గాలి ఆడే నీడ చోట నిలుపుతాడు. పైపు కన్నం బయటికి వాలుగా తొలిచి, చుట్టూ ఫోమ్‌తో మూస్తాడు. ఆ సందు మిగిలితే తేమ గాలి రాత్రింబవళ్లు లోపలికి వస్తూనే ఉంటుంది. ఉప్పుగాలి అల్యూమినియం రెక్కలను తినేస్తుంది, బొగ్గు ధూళి, ఖనిజం దుమ్ము వాటి సందుల్ని పూడ్చేస్తాయి. అందుకే పూత ఉన్న కాయిల్ ఎంచి, మంచినీళ్లతో తరచూ కడగమని యజమానికి చెప్పి మరీ వెళతాడు.

రెండు టన్నులది అమ్మగలిగీ ఒకటి చాలు అనడం, మిగిలిన డబ్బుతో కప్పుకు తెల్ల పూత, గోడలకు ప్యానెల్, కిటికీకి నీడ వేయించుకోమనడం అతనికి లాభం తెచ్చే మాట కాదు. అయినా అంటాడు. ఏసీ ఒకరోజు పాతబడి మారిపోతుంది, గోడలో వేసిన ప్యానెల్ మాత్రం గది ఉన్నంతకాలం కరెంటు బిల్లు తగ్గిస్తూనే ఉంటుంది. క్యాబిన్ కొనేవాళ్లు షెడ్డులో ఉక్కు కోయకముందే ఇలాంటి మెకానిక్‌ను పిలిచి, కిటికీ ఎటు పెట్టాలో అతన్నే అడగాలి.